పోయివస్తానని చెప్పలేని ప్రయాణము

తెలుగువారి ఇండ్లలో ప్రయాణమై గడప దాటునప్పుడు ‘పోతాను’ అని ఎవ్వరును అనరు. ‘పోయివస్తాను’ అందురు. పిల్లలెవరైన తెలియక ‘పోతాను’ అన్నచో పెద్దలు వెంటనే దిద్దుదురు. పొరుగూరి సంతకు పోవువాడైనను, సముద్రము దాటి చదువునకు పోవువాడైనను ఆ మాట అనియే బయలుదేరవలెను. ఆ చిన్న మాటలో రెండు బాధ్యతలు ఇమిడియున్నవి. పోవుచున్నట్లు ఇంటివారికి తెలుపుట ఒకటి. తిరిగివత్తునని మాట యిచ్చుట రెండవది.

ఇరువదవ శతాబ్దపు నడుమ మానవుడు ఆరంభించిన ఒక ప్రయాణము ఈ రెండు బాధ్యతలను పరీక్షకు పెట్టినది. అంతరిక్షమునకు పోవుటకు సిద్ధపడిన మొదటి తరమువారిలో కొందరికి ‘పోవుచున్నాను’ అని చెప్పుటకే అనుమతి లేకపోయినది. ఇకముందు అంగారకునిపై కాపురము పెట్టుటకు పోదలచువారికి ‘వస్తాను’ అని చెప్పుటకు వీలుండకపోవచ్చును. అట్టి ప్రయాణమునకు రమ్మని పిలుపు వచ్చినప్పుడు మనుష్యుడు ఏమి చూచుకొని ఔననవలెను? ఏమి చూచుకొని కాదనవలెను? ఇది కథకులు కల్పించిన చిక్కు కాదు. నిజముగ కొందరి యెదుట నిలిచిన ప్రశ్న.

వైద్యులు వేసిన ప్రశ్న

1959 శరదృతువులో సోవియట్ యూనియన్ పశ్చిమ ప్రాంతమందలి యుద్ధవిమాన స్థావరములకు మాస్కో నుండి కొందరు సైనికవైద్యులు వచ్చినారు. మూడువేలకు పైగా వైమానికుల ఆరోగ్యపత్రములు అంతకుముందే పరిశీలింపబడినవి. వానిలో నుండి ఏరినవారిని వైద్యులు ఒక్కొక్కరినే గదిలోనికి పిలిచి మాటాడినారు. ఆరోగ్యము ఎట్లున్నది, ఉద్యోగము నచ్చినదా అని మొదట సామాన్యమైన ప్రశ్నలు. అటు పిమ్మట, కొత్తరకపు యంత్రములను నడుపుట ఇష్టమేనా అను ప్రశ్న. ఆ యంత్రమేదియో, అది ఎంతదూరము పోవునో మొదట విప్పి చెప్పలేదు. ఈ సంభాషణ భార్యతో సైతము చెప్పరాదని మాత్రము విప్పి చెప్పినారు.

ఉత్తరమున ధ్రువవృత్తమునకు పైన, నార్వే సరిహద్దు దాపున లూస్తారి అను స్థావరము కలదు. చలికాలమున అక్కడ కొన్నివారములపాటు సూర్యుడు కనబడడు. అచ్చట పనిచేయుచున్న యూరీ గగారిన్ అను వైమానికునికి అప్పుడు 25 ఏండ్లు. వడ్రంగి కుమారుడు; కరిగిన లోహమును అచ్చుపోయు పని నేర్చి, పిమ్మట విమానము నడుపుట నేర్చినవాడు. ఆ యేడు ఏప్రిలులోనే అతనికి పెద్దకూతురు పుట్టినది. వైద్యుల ప్రశ్నకు అతడు ఔనన్నాడు. అతనివలెనే పెక్కురు ఔనన్నారు. కొందరు కాదన్నారు. వడపోతలన్నియు ముగిసిన తరువాత 1960లో 20 మంది మిగిలినారు. ఔనన్నవారిలో కొందరి పేర్లు చరిత్రకెక్కినవి. కాదని తిరిగి తమ విమానముల యొద్దకు పోయినవారిని ఎవ్వరును తలచుకొనరు. కాని ఆలోచించి కాదనుట కూడ ఔననుటవంటి నిర్ణయమే. దానికి కావలసిన ధైర్యము వేరు, అంతే.

రేడియో చెప్పిన కబురు

గగారిన్ 1961 ఏప్రిల్ 12వ తేదీన భూమిని ఒక్కమారు చుట్టివచ్చినాడు. ఆ ప్రయాణము 108 నిమిషములు. దానికి సుమారు ఐదువారముల ముందు అతనికి రెండవ కూతురు పుట్టినది. భార్య వాలెంతీనాకు భర్త చేయబోవు పని ఏదియో అప్పటికి తెలియును. కాని ఆమె ఆందోళనపడకుండుటకు ప్రయాణము 14వ తేదీన అని చెప్పినాడని ప్రసిద్ధి. తల్లిదండ్రులకు ఆమాత్రమును తెలియదు. పనిమీద దూరము పోవుచున్నాడనియే వారెరుగుదురు.

తండ్రి అలెక్సీ గగారిన్ ఆ దినమున పనికి పోవుచు ఏరు దాటుచుండగా, గగారిన్ అను మేజరు అంతరిక్షమునకు పోయినాడట అని ఎవరో అన్నారట. తన కొడుకు ఇంకను సీనియర్ లెఫ్టినెంటే, మేజరు కాడు, కావున ఆ పోయినవాడు వేరెవరో అని ఆ ముసలివాడు తన దారిని తాను పోయినాడట. ఈ కథ విని నవ్వు వచ్చును. కాని అందులో ఒక ముల్లున్నది. కొడుకు ఆకసమున ఉండగనే ప్రభుత్వము అతనికి మేజరు హోదా ఇచ్చినది. ఆ సంగతి లోకమంతయు తెలుసుకొన్న తరువాత తండ్రికి తెలిసినది.

ప్రయాణమునకు రెండు దినముల ముందు, ఏప్రిల్ 10వ తేదీన, గగారిన్ భార్యకు ఒక ఉత్తరము వ్రాసిపెట్టినాడు. యంత్రముపై తనకు నమ్మకము కలదనియు, అయినను చదునైన నేలమీద నడచువాడు కూడ జారిపడవచ్చుననియు దాని సారాంశము. తాను రాకున్నచో కూతుళ్ళను గారాబముతో చెడగొట్టక మనుష్యులుగ పెంచుమని కోరినాడు. ఆమె జీవితమును గూర్చి ఆమె మనస్సాక్షి చెప్పినట్లు చేసికొనుమని, తనవలన ఆమెకు ఏ కట్టుబాటును లేదని వ్రాసినాడు. అతడు క్షేమముగ తిరిగివచ్చినందున ఆ ఉత్తరము ఆమె చేతికి చేరలేదు. 1968 మార్చి 27న విమానప్రమాదమున అతడు మరణించిన పిమ్మట దానిని ఆమెకిచ్చినారు. ఏడేండ్ల క్రిందట పొందవలసిన వీడ్కోలు ఆమెకు ఆనాడు అందినది.

వాలెంతీనా తెరెష్కోవా కథ ఇంతకంటె విచిత్రము. ఆమె యారొస్లావ్ల్ పట్టణమున నేతమిల్లులో పనిచేసినది. సెలవుదినములలో గొడుగు కట్టుకొని విమానము నుండి దూకుట నేర్చినది. తండ్రి యుద్ధములో చనిపోగా తల్లి మిల్లులో పాటుపడి పిల్లలను పెంచినది. 1962లో మరి నలుగురు స్త్రీలతో పాటు ఆమె రహస్యముగ ఎన్నికైనది. తల్లితో మాత్రము, గొడుగుదూకుళ్ళ పోటీలకై శిక్షణకు పోవుచున్నానని చెప్పినది. 1963 జూన్ 16న ఆమె భూమిని చుట్టుట ఆరంభించిన తరువాత, ఆ సంగతి తల్లికి రేడియో ద్వారా తెలిసినది. తెరెష్కోవా దాదాపు మూడు దినములు ఆకసమున నుండి 48 మారులు భూమిని చుట్టివచ్చినది. లోకమంతయు ఆమెను కొనియాడినది. తక్కిన నలుగురికి అంతరిక్షమునకు పోవు అవకాశము ఎన్నడును రాలేదు. వారు ఎన్నికైరన్న మాట సైతము చాలయేండ్లు బయటికి రాలేదు.

గుట్టు మ్రింగినవి

ఈ గోప్యమునకు కారణము లేకపోలేదు. గగారిన్‌ను మోసికొనిపోయిన రాకెట్టు, అణుబాంబును ఖండాంతరమునకు విసరుటకు నిర్మించిన రాకెట్టునకు తోబుట్టువు. అది ప్రచ్ఛన్నయుద్ధకాలము. గెలుపును చాటవలెను, ఓటమిని దాచవలెను. కాని దాచుట అలవాటైన చేయి ఏది దాచవచ్చునో, ఏది దాచరాదో త్వరలోనే మరచిపోవును.

ఆ 20 మందిలో వాలెంతీన్ బొందరెంకో పిన్నవయస్కుడు. గగారిన్ ప్రయాణమునకు మూడువారములైన లేదు. 1961 మార్చి 23న అతడు మాస్కోలో ఏకాంతవాసపు గదిలో పరీక్షలో ఉండెను. గదిలోని గాలిలో ఆక్సిజను పాలు హెచ్చు. ఒంటికి అంటించిన పరికరములు తీసి, ఆ చోటును స్పిరిటు దూదితో తుడిచికొని, దూదిని ప్రక్కకు విసరినాడు. అది వేడిగానున్న విద్యుత్తు పొయ్యిమీద పడినది. క్షణములో మంటలు గదినిండ క్రమ్మినవి. ఒత్తిడి భేదమువలన తలుపు వెంటనే తెరచుటకు వీలుకాలేదు. 24 ఏండ్ల ఆ యువకుడు కొన్నిగంటల తరువాత ఆసుపత్రిలో మరణించినాడు. భార్య, పసికొడుకు మిగిలినారు. ఖార్కోవులో అతని సమాధిపై వ్యోమగాములతో అతనికి గల సంబంధము చాలకాలము వ్రాయబడలేదు. 1986లో ‘ఇజ్వెస్తియా’ పత్రిక వ్రాయువరకు లోకమునకు ఆ చావు సంగతి తెలియదు. ఈలోగా, 1967 జనవరి 27న, అమెరికాలో అపోలో నౌకను నేలపైననే పరీక్షించుచుండగా ఆక్సిజను నిండిన గదిలో నిప్పు పుట్టి ముగ్గురు మరణించినారు. ఆక్సిజను వలని ముప్పు అమెరికను ఇంజనీర్లకు తెలియనిది కాదు. కావున రష్యాలో జరిగినది తెలిసియుండిన ఈ ముగ్గురు బ్రతికియుందురని ఎవ్వరును నిశ్చయముగ అనలేరు. కాని ఒక చావు నేర్పదగిన పాఠమును గుట్టు 25 ఏండ్లు తాళమువేసి ఉంచినదన్నది మాత్రము నిశ్చయము.

గ్రిగోరీ నెల్యుబోవ్ అను మరియొక వైమానికుడు గగారిన్‌కు, తితోవ్‌కు తరువాతివాడుగ నిలిచినవాడు. 1963లో క్రమశిక్షణ తప్పినాడని అతనిని తొలగించినారు. తోడివారితో కలిసి సోచిలో తీయించుకొన్న ఛాయాచిత్రము నుండి అతని ముఖమును సైతము చెరిపివేసినారు. దూరప్రాచ్యమునకు బదిలీయై పోయి, తానును ఒకప్పుడు వ్యోమగామినేనని చెప్పుకొన్నచో నమ్మినవారు లేరు. 1966లో అతడు రైలుక్రింద పడి మరణించినాడు. గుట్టుగ పోయినవానికి, ఓడి తిరిగివచ్చునప్పుడు తాను పోయియుంటినని చెప్పుకొను హక్కు కూడ మిగులదు.

వాషింగ్టనులో ఒక ఉదయము

గగారిన్‌ను వైద్యులు కలిసికొనుటకు కొన్నినెలల ముందే, 1959 ఫిబ్రవరి మొదట, అమెరికాలో ఇట్టి ఘట్టమే జరిగినది. అర్హతలు గల 110 మంది పరీక్షా వైమానికులను ఏరి, వారిలో 69 మందిని రెండు జట్లుగ వాషింగ్టనునకు రప్పించినారు. ఎందుకు పిలిచినారో ముందుగ చెప్పలేదు. అంతవరకు అక్కడను గుట్టే. కాని వచ్చిన తరువాత పని ఏదియో, దానిలోని ప్రమాదమేదియో వివరించినారు. ఇష్టము లేనివారు ఒప్పుకొననక్కరలేదనియు, కాదన్నందువలన ఉద్యోగమునకు హాని రాదనియు హామీ ఇచ్చినారు. అయినను ఔనన్నవారు అంతమంది ఉండుటచే మూడవ జట్టును పిలువవలసిన పనియే లేకపోయినది. ఏప్రిల్ 9న ఎన్నికైన ఏడుగురిని పత్రికలవారి యెదుట నిలబెట్టినారు.

ఆ సభలో మొట్టమొదట వచ్చిన ప్రశ్నలలో ఒకటి, మీ భార్యలు ఏమన్నారని. ఏడుగురును తమ ఇల్లాండ్ర మద్దతు కలదనిరి. ఇది రష్యాపద్ధతికంటె ఒక మెట్టు మేలు. అయినను ఇల్లాండ్ర మాట భర్తల నోటనే వినబడినదన్నది గమనింపవలసిన సంగతి.

ఊర్మిళ నిద్ర

ఇల్లాండ్ర మాట మన దేశమునకు కొత్తది కాదు. అన్నవెంట అడవికి పోవుటకు లక్ష్మణుడు క్షణములో నిశ్చయించుకొన్నాడు. సీత వెంటపోయినది. ఊర్మిళను గూర్చి వాల్మీకి పెద్దగ పట్టించుకొనలేదు. తెలుగు స్త్రీలు మాత్రము ఆమెను మరువలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అను పాటను తరతరములుగ పాడుకొన్నారు. ఆ పాటలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించును. తిరిగివచ్చిన లక్ష్మణుడు శయ్యచెంతకు రాగ, ఆమె అతనిని గుర్తింపక పరపురుషుడని తలచి మందలించును.

విసుగక పసుపుదంచుచు, పిల్లల నూయలలూపుచు ఈ పాట పాడుకొన్నవారికి ఒక సంగతి తెలియును. పోయినవాని వీరత్వమును లెక్కించుటకు పురాణములున్నవి. ఉండిపోయినవారి కాలమును లెక్కించుటకు ఏమియు లేవు. పోవువాడు తన ప్రాణమును మాత్రమే పణముపెట్టుచున్నాననుకొనును. నిజమునకు ఇంకొకరి సంవత్సరములను కూడ పణముపెట్టుచున్నాడు. పెట్టువానికి ఆ హక్కు ఎవరిచ్చినారు?

కోరంగి నుండి అంగారకునికి

భూకక్ష్యకు పోయినవాడు దినములలోనో నెలలలోనో తిరిగివచ్చును. అంగారకుని సంగతి వేరు. అది మనకు మిక్కిలి చేరువగ వచ్చినప్పుడు సైతము సుమారు 5.5 కోట్ల కిలోమీటర్ల దూరము. పోవుటకే ఆరు మొదలు తొమ్మిది నెలలు. బయలుదేరుటకు అనువైన కాలము సుమారు 26 నెలలకు ఒకమారు వచ్చును. అక్కడినుండి పలికిన మాట ఇక్కడికి చేరుటకు దూరమునుబట్టి మూడు మొదలు ఇరువదిరెండు నిమిషములు పట్టును. ‘అమ్మా, ఎట్లున్నావు?’ అని అడిగినవాడు జవాబునకై ముప్పాతికగంట వరకు కూర్చుండవలెను. అట్టిచోట వలస నెలకొల్పవలెనన్నచో, మొదట పోవువారిలో కొందరైన తిరిగిరాని ప్రయాణమునకు సిద్ధపడవలసి రావచ్చును.

వలస యన్న మాట తెలుగువారికి పుస్తకములలోనిది కాదు. గోదావరి ముఖద్వారము దాపున కోరంగి రేవు నుండి పందొమ్మిదవ శతాబ్దమున ఓడలెక్కినవారు ఎందరో. బర్మాలోను, మారిషసులోను తెలుగువారికి ఆ రేవుపేరే ఇంటిపేరై, ‘కోరంగీలు’ అని పిలువబడినారు. చెరకుతోటల పనికి ఏండ్ల ఒప్పందముపై సముద్రములు దాటినవారిలో పెక్కురు చదువలేని కాగితముపై వేలిముద్ర వేసినవారు. అక్కడి ఎండ, పని, కూలి, తిరుగుదారి ఏవియో తెలియకయే ఔనన్నవారు. చాలమంది తిరిగిరాలేదు. వారి మనుమలు ఆ దేశములను తమ దేశములు చేసికొన్నారు. వలస ఫలించినదనుటకు అది సాక్ష్యమే. కాని మొదట ఓడనెక్కినవాడు నిజము తెలిసి ఎక్కెనా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఈ ప్రశ్న ఇటీవల మరల తలయెత్తినది. 2012లో హాలెండులో ‘మార్స్ వన్’ అను సంస్థ, అంగారకునికి తిరిగిరాని ప్రయాణమునకు మనుష్యులను పంపుదుమని ప్రకటించినది. ఇందులో గుట్టు లేదు, లోకమంతటికి పిలుపే. రెండులక్షలమంది ముందుకు వచ్చినారని సంస్థ చెప్పుకొన్నది. ఆ లెక్కను శంకించినవారును కలరు. 2015 ఫిబ్రవరిలో 50 మంది పురుషులను, 50 మంది స్త్రీలను ఏరినారు. అప్పటికే, 2014లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు పరిశోధకులు ఆ పథకమును లెక్కగట్టి చూచినారు. లోపలనే పంటలు పండించినచో ఆక్సిజను మితిమీరి, దానిని సరిదిద్దు సాధనము లేక సుమారు 68 దినములకు మొదటి మరణము సంభవింపవచ్చునని తేల్చినారు. 2019 జనవరిలో ఆ సంస్థ దివాలా తీసినది. ఎవ్వరును పోలేదు. కాని ఆ నూరుగురిలో పెండ్లియైనవారు ఉన్నారు, పిల్లలు గలవారు ఉన్నారు. పోవునో లేదో తెలియని ప్రయాణమునకై తమవారికి ముందుగనే వీడ్కోలు చెప్పుకొన్నారు. చెప్పనిచ్చినంతమాత్రమున నిజము చెప్పినట్లు కాదు. తలుపులు తెరచియుంచి దీపము వెలిగింపకున్నను ఇల్లు చీకటిగనే ఉండును.

పులికాటు ఒడ్డున

భారతదేశము తన నౌకలో తనవారిని అంతరిక్షమునకు పంపుటకు ‘గగనయాన్’ పథకమును చేపట్టినది. ముగ్గురు మనుష్యులను 400 కిలోమీటర్ల ఎత్తునకు మూడు దినములకై పంపవలెనని సంకల్పము. బయలుదేరుచోటు పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమనున్న శ్రీహరికోట. దీనికై వైమానికదళము నుండి నలుగురిని ఎన్నుకొన్నారు. వారు 2020 ఫిబ్రవరి మొదలు 2021 మార్చి వరకు రష్యాలో, గగారిన్ పేర నెలకొన్న కేంద్రమున శిక్షణ పొందినారు. అంతవరకు వారి పేర్లు బయటికి రాలేదు. 2024 ఫిబ్రవరి 27న తిరువనంతపురములో ప్రధానమంత్రి ప్రకటించిన తరువాతనే ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా అను పేర్లు దేశమునకు తెలిసినవి. ఆ యేటి జనవరిలో ప్రశాంత్ నాయర్‌ను వివాహమాడిన మలయాళ చిత్రనటి లేనా, తమ పెండ్లి సంగతిని ఈ ప్రకటన వెలువడిన పిమ్మటనే లోకమునకు తెలిపినది. వారిలో శుభాంశు శుక్లా 2025 జూన్ 25న అమెరికా నుండి బయలుదేరి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమున నివసించి జూలై 15న తిరిగివచ్చినాడు.

ఇక్కడను గుట్టు కలదు. కాని ఆ పెండ్లి కబురు ఒక భేదమును చూపుచున్నది. అది భార్యాభర్తలిద్దరు కలిసి దాచిన గుట్టు. తెరెష్కోవా గుట్టు కన్నతల్లినుండి దాచవలసినది. వీథినుండి దాచుట వేరు. ఇంటినుండి దాచుట వేరు. రాజ్యములకు రహస్యములు తప్పకపోవచ్చును. ఆ రహస్యపు సరిహద్దు ఇంటిగడప వెలుపల నిలువవలెను.

దూరప్రయాణమునకు పిలుపు అందుకొన్నవాడు మూడు సంగతులు విచారించుకొనవలెను. ప్రమాదమును ఉన్నదున్నట్లు చెప్పినారా? కాదన్నచో చిన్నబుచ్చక, పగపట్టక పోనిత్తురా? తనవారితో కూర్చుండి మాటాడుకొనుటకు ఒక్క రాత్రియైన ఇచ్చినారా? ఈ మూడింటికిని ఔనని జవాబు దొరకినచో, తిరిగిరాని ప్రయాణమునకు ఒప్పుకొనుట సైతము తప్పు కాకపోవచ్చును. ఈ మూడింటిలో ఏది కొరవడినను, మూడుదినముల ప్రయాణమునకు ఒప్పుకొనుట కూడ సగము నిర్ణయమే. తక్కిన సగము అడిగినవాడు తన జేబులో పెట్టుకొన్నాడు.

‘పోయివస్తాను’ అను మాట ఒంటరి మాట కాదు. అది లోపలినుండి ఒక బదులునకై గడపమీద ఒక్కక్షణము ఆగును. ‘మంచిది, క్షేమముగ పోయి లాభముగ రా’ అని ఎవరో ఒకరు అనవలెను. అప్పుడే ప్రయాణము మొదలైనట్లు. గగారిన్ తల్లికి, తెరెష్కోవా తల్లికి ఆ బదులు చెప్పు అవకాశము దొరకలేదు. బిడ్డలు క్షేమముగనే తిరిగివచ్చినారు. కాని వారు పోయిన సంగతి ఆ తల్లులకు రేడియో చెప్పవలసివచ్చినది.